మింగడం ఒక్కటే కారణం కాదు

నక్షత్రం తన గ్రహాన్ని మింగేస్తే ఆ నక్షత్రం రసాయన కూర్పు మారుతుందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. నిజమే. క్రోనోస్, క్రియోస్ అని పేర్లు పెట్టిన జంట నక్షత్రాలు ఇందుకు మంచి ఉదాహరణ. రెండూ ఒకే వాయు మేఘంలోంచి పుట్టినవే, కాబట్టి కూర్పు ఒకేలా ఉండాలి. అయినా క్రోనోస్‌లో ఇనుము, సిలికాన్, మెగ్నీషియం, లిథియం బాగా ఎక్కువ. తేలిగ్గా ఆవిరయ్యే కార్బన్, ఆక్సిజన్ మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు. అంటే లోపలికి పోయింది రాతి పదార్థం. అది సుమారు 15 భూముల బరువని 2017లో లెక్కగట్టారు. (కన్నబిడ్డల్ని మింగిన గ్రీకు దేవుడు క్రోనోస్ పేరు దానికి ఊరికే పెట్టలేదు!)

కానీ రెండో వైపును, అంటే గ్రహాలు ఏర్పడటం వల్లే నక్షత్రంలో కొన్ని మూలకాలు తగ్గే అవకాశాన్ని, వ్యాసం అసలు తాకలేదు. 2009లో ఖగోళ శాస్త్రవేత్త మెలెండెజ్ బృందం సూర్యుణ్ణి అచ్చం అలాంటి 11 నక్షత్రాలతో పోల్చింది. తేలిగ్గా ఆవిరయ్యే మూలకాలతో చూస్తే, రాతిగా గడ్డకట్టేవి మన సూర్యుడిలో దాదాపు 20 శాతం తక్కువని తేలింది. ఆ సరుకు భూమి లాంటి గ్రహాల్లో ఉండిపోయిందని వాళ్ల వివరణ. నాకైతే పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. ఇప్పుడంటే సూర్యుడి పైన కలియతిరిగే పొరలో ఉన్నది మొత్తం ద్రవ్యరాశిలో 2 శాతం పైచిలుకే, కాబట్టి చిన్న లోటు కూడా కనిపిస్తుంది. గ్రహాలు ఏర్పడే తొలినాళ్లలో ఆ పొర చాలా లోతుగా ఉండేది కదా, అప్పటి లోటు అందులో కలిసిపోయి కనిపించకుండా పోవాలి. పైగా నక్షత్రం వయసు, గెలాక్సీలో పుట్టిన చోటు వల్ల కూడా ఇలాంటి తేడాలు వస్తాయి.