వీధికి కన్ను కొడుతున్న సెన్సార్ లైటు గారికి

అయ్యా,

తమరు రాత్రంతా వీధిలోకి కన్ను కొడుతున్నారని ఎదురింటి పిన్నిగారు మొహమాటపడుతూనే చెప్పారు. గేటు తీస్తే వెలగాలి, మనిషి లోపలికొచ్చాక ఆరాలి, మీ ఉద్యోగం అంతే కదా. పురుగు కూడా కదలని వేళ ఈ వెలగడం ఆరడం, ఆరడం వెలగడం ఏమిటండీ?

మీకు కనిపించేది మనిషి కాదు, కదిలే వేడి. ఆ తెల్ల లెన్స్ వెనకున్న పీఐఆర్ సెన్సార్ ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే వేడి నుంచి వచ్చే కంటికి కనబడని వెలుగులో, తేడా వస్తేనే లేస్తుంది. అందుకే ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి ఊదినా, ఎండకు కాగిన గోడ ముందు వేపకొమ్మ ఊగినా, లెన్స్ మీద బల్లి పాకినా తమరు లేచి దణ్ణం పెడతారు. అదే మే నెలలో, ఒంటి వేడి 37 డిగ్రీలు, గోడ వేడి కూడా ఇంచుమించు అంతే ఉన్న రాత్రి, మావయ్యగారు సూట్‌కేసుతో ఎదురుగా నడిచొస్తే గుర్తే పట్టరు. అడ్డంగా నడిస్తే మీ కంటికి బాగా కనబడతారట. వచ్చిన చుట్టాన్ని పీతలా నడవమని చెప్పమంటారా? కరెంటు పోయి వస్తే ఒక నిమిషం పాటు కుదురుకోవాలి కూడాను, అప్పటిదాకా మీ ఇష్టం.

సరే, అవన్నీ మీ జాతి లక్షణాలు, వదిలేశాను. ఈ మిణుకు సంగతి తేల్చమని ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ముందు న్యూట్రల్ వైరు వదులైందేమో చూశాడు, బిగువుగానే ఉంది. మూతలో నీళ్లు లేవు. అప్పుడు నిచ్చెనెక్కి, కింద చిన్న చుక్కలా ఉన్న ఎల్‌డీఆర్ మీద నల్ల టేపు ముక్క అంటించాడు. మిణుకు ఆగిపోయింది! తెల్లారిందో లేదో చూసే కన్నట అది. కొత్తగా వేసిన తెల్లరంగు గోడ మీద పడ్డ మీ వెలుగే తిరిగొచ్చి ఆ కంట్లో పడుతోంది, మీరేమో తెల్లారిందనుకుని ఆరిపోతున్నారు, ఆరగానే చీకటి, పైన వేపకొమ్మ ఉండనే ఉంది, మళ్లీ వెలుగుతున్నారు. తన వెలుగు చూసుకుని తానే సూర్యోదయమనుకునే వాళ్లను సెంటర్‌లో ఫ్లెక్సీల మీద చూస్తూనే ఉంటాం గానీ, వాళ్లు మా గేటు దాకా వస్తారనుకోలేదు.

టేపు అలాగే ఉంచుదామంటే మీకు పగలు కూడా రాత్రే అవుతుంది, బిల్లు కట్టాల్సింది నేను. కాబట్టి రేపు మీ మెడ గోడ వైపు నుంచి తిప్పి, గేటు మీదికి కాస్త కిందికి వంచుతున్నాం. అడుగున గింజంత నాబులు మూడున్నాయి కదా, ఎంత కదలికకు లేవాలో సెన్స్, ఎంతసేపు వెలగాలో టైమ్, ఎంత చీకటి పడ్డాక వెలగాలో లక్స్ అని. సెన్స్ తగ్గిస్తాం, టైమ్ కొద్దిగా పెంచుతాం, వేపకొమ్మ కూడా కొట్టించేస్తాం. ఆ తర్వాత కూడా కన్ను కొడితే వరండాలో పాత స్విచ్ ఇంకా పనిచేస్తూనే ఉంది, దానికి లెన్సూ అక్కర్లేదు, మర్యాదలూ అక్కర్లేదు.

ఇట్లు,
మీ బిల్లు కడుతున్నవాడు