"ఎక్కడికెళ్తున్నావ్?" "మ్యూజియంకి."

ఏదైనా మ్యూజియం ఎల్జీబీటీక్యూ (గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వగైరా) టీనేజర్ల కోసం ప్రోగ్రాం పెట్టిందని వార్త వస్తే చాలు, కింద కామెంట్లలో ఒకటే గోల. "మ్యూజియం పని బొమ్మలు చూపించడం, పిల్లల బుర్రలు పాడుచేయడం కాదు" అని. ఆ గదిలోకి ఒక్కసారి తొంగి చూసి ఈ మాట అన్నవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు.

నేను చూశాను. కొన్నాళ్ళు ఒక మ్యూజియంలో అలాంటి సాయంత్రాలకి వాలంటీరుగా వెళ్ళాను. బ్రష్షులు కడగడం, బల్లలు వేయడం, తీయడం, అంతే నా పని. ఉపన్యాసాలేం ఉండవు. పెద్ద బల్ల మీద మట్టి, రంగులు, కత్తెరలు, పాత పత్రికలు. ఒకమ్మాయి మూడు వారాలు వరసగా వచ్చి, నోరు విప్పకుండా, పత్రికల్లోంచి చేతుల బొమ్మలు మాత్రమే కత్తిరించుకుంది. వట్టి చేతులు. నాలుగో వారం పక్కనున్న కుర్రాడు "ఇందులో మంచి చేతులున్నాయి, కావాలా?" అని ఓ పేజీ చింపి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ పక్కపక్కనే. ఇదేనండీ మీరు భయపడుతున్న బ్రెయిన్‌వాష్.

చేతికి పని ఉంటే ఎదుటి మనిషి మొహంలోకి చూడక్కర్లేదు. కుర్చీలో కూర్చోబెట్టి "నీ బాధేంటో చెప్పు" అంటే బిగుసుకుపోయే పిల్లలే, మట్టి పిసుకుతూ ఉన్నదంతా చెప్పేస్తారు. చెప్పకపోయినా ఎవరూ అడగరు.

న్యూయార్క్‌లోని మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్)లో 'ఓపెన్ ఆర్ట్ స్పేస్' అని ఒకటి నడిపారు. ఎల్జీబీటీక్యూ టీనేజర్లకీ, వాళ్ళకి తోడుగా నిలబడేవాళ్ళకీ అని పెట్టారు. నాకు ఆ రెండో ముక్కే బంగారంలా అనిపిస్తుంది. దానివల్ల ఏ పిల్లా, ఏ పిల్లాడూ తన గురించి ఏదీ ఒప్పుకోకుండానే లోపలికి వెళ్ళొచ్చు. ఎవరైనా చూసి అడిగితే "ఫ్రెండ్‌తో వచ్చా" అనొచ్చు. ఇంట్లో అడిగితే "మ్యూజియంకి" అనొచ్చు. అబద్ధం కాదు. అమ్మానాన్నలకి టెన్షన్ లేదు, పైగా మురిసిపోతారు కూడా. ఇంకే సపోర్ట్ గ్రూపుకి ఉంది ఈ సౌకర్యం?

అసలు మ్యూజియంలకి ఈ పిల్లలు పరాయివాళ్ళేం కాదు. ఫెలిక్స్ గొన్సాలెజ్-టోరెస్ అనే కళాకారుడు 1991లో తన ప్రియుడు రాస్ గుర్తుగా ఓ మూలన రంగు కాగితాలు చుట్టిన చాక్లెట్లలాంటి మిఠాయిల్ని కుప్ప పోశాడు. కుప్ప ఉండాల్సిన బరువు 175 పౌండ్లు అని పెట్టాడు. రాస్ ఎయిడ్స్‌తో పోయాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒకటి తీసుకెళ్ళొచ్చు, కుప్ప తరుగుతుంది, మ్యూజియం వాళ్ళు మళ్ళీ నింపుతారు. 2022లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో దాని పక్కనున్న లేబుల్లో రాస్ పేరూ, ఎయిడ్స్ మాటా లేవని జనం నిలదీస్తే, మళ్ళీ రాశారు. ఆ ప్రేమ లేకపోతే అక్కడ మిగిలేది మిఠాయిలే. ఇలాంటివాళ్ళ కళ మీద బతుకుతూ, ఇలాంటి పిల్లలకి వారానికో గది ఇవ్వడానికి అంత ఆలోచనేంటో!

ఈ పిల్లల ఆత్మహత్యల్ని ఆపడానికి పనిచేసే అమెరికా సంస్థ ట్రెవర్ ప్రాజెక్ట్ 2019లో చెప్పింది: తమని తాముగా ఒప్పుకునే పెద్దవాళ్ళు ఒక్కరైనా ఉన్న ఎల్జీబీటీక్యూ పిల్లలు ఆత్మహత్యాయత్నం చేసే అవకాశం 40 శాతం తక్కువ. ఒక్కరు. ఆ ఒక్కరు బ్రష్షులు కడిగే మనిషైనా పర్లేదని నేను అనుకుంటాను.

అలాగని మ్యూజియంలని నెత్తిన పెట్టుకోను. ఎల్జీబీటీక్యూ వాళ్ళ 'ప్రైడ్' నెల అని జూన్ రాగానే గుమ్మానికి ఇంద్రధనుస్సు జెండా కట్టి, నెల తిరగ్గానే మడిచి బీరువాలో పెట్టేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఈ పిల్లలకి కావలసింది ఉత్సవం కాదు, వచ్చే వారం కూడా అదే టైముకి అదే తలుపు తీసి ఉండటం. ఖర్చు తగ్గించాలంటే ముందు కోత పడేదేమో దీనికే. నేను వెళ్ళిన చోటా అదే జరిగింది. "తాత్కాలికంగా" అన్నారు. తాత్కాలికం అంటే ఏంటో మనకి తెలీదా.

రాగానే పిల్లలకి పేరు రాసుకోడానికి స్టిక్కర్లు ఇచ్చేవాళ్ళం. ఏ పేరైనా సరే. ఇంటికెళ్ళేముందు అవి పీకి చెత్తబుట్టలో పడేస్తారనుకునేదాన్ని. ఆఖరి రోజు మడుద్దామని బల్ల పక్కకి వాల్చితే, అడుగంతా స్టిక్కర్లే. ఒకదాని మీద ఒకటి. ఒకచోట ఒకే చేతిరాతలో మూడు పేర్లు, మొదటి రెండూ కొట్టేసి ఉన్నాయి. గీకి శుభ్రం చేయమన్నారు. నేను చేయలేదు. అలాగే మడిచి గోడకి ఆనించి వచ్చేశాను.