ఒత్తిడికి కట్టే పన్ను

పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషిని మొదట అడిగే ప్రశ్న, రోజుకు ఎన్నిసార్లు బ్రష్ చేస్తారన్నది. రెండోది, తీపి ఎక్కువగా తింటారా అన్నది. రెండూ అడగవలసినవే, కాదనను. కానీ ఆ ప్రశ్నలు అడిగే గొంతులోనే చాలాసార్లు తీర్పు కూడా వినిపిస్తుంది: నీ పళ్లు పాడయ్యాయంటే నువ్వు శుభ్రత పాటించలేదు, అంతే. రాత్రి నిద్ర పడుతోందా, ఈమధ్య ఇంట్లోగాని ఉద్యోగంలోగాని ఏదైనా గడ్డు కాలం నడుస్తోందా అని అడిగేవారు అరుదు. గుండె దడగా ఉందంటే ఆ ప్రశ్న అడుగుతారు, కడుపులో మంటంటే అడుగుతారు, జుట్టు రాలుతోందన్నా అడుగుతారు. నోటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నోరు ఆ ఒంటిది కానట్టు, పళ్లు గోడకు కొట్టిన మేకులైనట్టు మాట్లాడతారు. ఈ విషయం మీద నాకు కొంత కోపం ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మా అమ్మ చాలాకాలం ఆసుపత్రిలో ఉంది. నేనూ చెల్లీ వంతులు వేసుకుని రాత్రిళ్లు తోడుండేవాళ్లం. పగలు ఎవరి ఉద్యోగం వాళ్లది. మూడో నెలలోనో నాలుగో నెలలోనో నాకు ఎడమవైపు కింది దవడ పన్ను నొప్పి మొదలైంది. పొద్దున లేచేసరికి ఎక్కువగా ఉండేది, మధ్యాహ్నానికి కాస్త సర్దుకునేది. కణతల దగ్గర బరువు, చెవి ముందు పోటు. చెవి నొప్పేమోనని చెవి డాక్టరుకు కూడా చూపించుకుంటే, చెవి నిక్షేపంలా ఉందన్నారు. పళ్ల డాక్టరు పైన చెప్పిన రెండు ప్రశ్నలూ అడిగి, ఎక్స్‌రే తీసి, రూట్ కెనాల్ చేయాలన్నారు. చేయించుకున్నాను. నొప్పి తగ్గలేదు. అయితే పక్క పన్ను కూడా అనుమానంగానే ఉంది, దానికీ చేద్దామన్నప్పుడు ఆలోచించుకుని వస్తానని చెప్పి లేచి వచ్చేశాను, మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

అసలు సంగతి కనిపెట్టింది మా చెల్లి. అమ్మను ఇంటికి తెచ్చిన కొత్తలో ఇద్దరం ఒకే గదిలో పడుకున్నాం. తెల్లవారుజామున నన్ను తట్టి లేపి, "అక్కా, రాత్రంతా పళ్లు కొరుకుతూనే ఉన్నావు, ఎవరి మీదక్కా అంత కోపం?" అంది. నేను నమ్మలేదు, పోట్లాడాను కూడా. మర్నాడు రాత్రి ఫోన్‌లో రికార్డు చేసి వినిపించింది. రాతి మీద రాయి నూరుతున్నట్టున్న ఆ చప్పుడు నా నోట్లో నుంచి వస్తోందంటే ఒళ్లు జలదరించింది.

ఆ వారంలోనే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పాను. ఆవిడ ఎక్స్‌రే పక్కన పెట్టి, నా చెంప మీద రెండు వేళ్లు ఆనించి, ఒకసారి పళ్లు గట్టిగా బిగించమన్నారు. దవడ కండరం ముద్దలా లేచింది. వదిలేయమని, ఆ కండరం మీదే ఒకచోట వేలితో నొక్కారు. నొప్పి సరిగ్గా ఆ పంటిలోనే తెలిసింది, అప్పటికే నరం తీసేసిన పంటిలో! తర్వాత నాలుక చాపమని, అద్దం నా చేతికిచ్చారు. నాలుక అంచుల పొడవునా పళ్ల అచ్చులు, వంకీలు వంకీలుగా. "ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అమ్మా?" అని అడిగారు. ఆ కుర్చీలో వెల్లకిలా పడుకునే ఏడ్చాను. నోరు తెరిచి పెట్టుకుని ఏడవడం ఎంత అవస్థో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

కష్టాన్ని పైకి చెప్పకుండా ఓర్చుకున్న మనిషిని మనం పంటి బిగువున భరించాడని మెచ్చుకుంటాం. ఆ మాట పుట్టించినవాళ్లు మనిషి ముఖాన్ని ఎంత దగ్గరగా చూశారో అనిపిస్తుంది నాకు, ఎందుకంటే అది ఉపమానం కాదు, అక్షరాలా జరిగే పని. మామూలుగా మనం ఊరకే ఉన్నప్పుడు పై పళ్లూ కింది పళ్లూ ఒకదానికొకటి తగలకూడదు. పెదవులు మూసుకునే ఉంటాయి, లోపల పళ్ల వరసల మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. నమలడం, మింగడం అన్నీ కలిపినా రోజు మొత్తంలో పళ్లు ఒకదానికొకటి తగిలే సమయం సుమారు 20 నిమిషాలకు మించదంటారు. మనసు బిగుసుకుని ఉన్న మనిషికి ఆ 20 నిమిషాలు గంటలవుతాయి. కంప్యూటరు ముందు కూర్చుని, బండి నడుపుతూ, ఫోన్‌లో రాబోయే కబురు కోసం ఎదురుచూస్తూ, తనకు తెలియకుండానే పళ్లు బిగించి ఉంటాడు. శరీరం మొత్తంలో అన్నింటికంటే గట్టి పదార్థం పంటి మీది ఎనామిల్, కానీ దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే పోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మూసుకుంటుంది. అరిగిన ఎనామిల్ మాత్రం మళ్లీ పెరగదు. మొదట పంటి కొసలు చదునవుతాయి, చల్లనివి తాగితే జివ్వుమంటుంది, ఒకనాడు మెత్తటిదేదో నములుతుంటే పంటి ముక్క ఊడి నాలుక మీద పడుతుంది.

నిద్రలో కొరకడం దీనికి దగ్గరి చుట్టమే గాని, రెండూ ఒకటి కావు. నిద్ర మధ్యలో మెదడు కొన్ని క్షణాలపాటు సగం మెలకువలోకి వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, దాని వెనకే దవడ కండరాలు కదులుతాయి. దీనికి కారణాలు చాలా ఉన్నాయి: నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, కొన్ని రకాల డిప్రెషన్ మందులు, పొగ, మద్యం, రాత్రిపూట కాఫీ. మెలకువలో పళ్లు బిగించడానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధం, నిద్రలో కొరకడానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధం కంటే గట్టిది. ఇది చెప్పకుండా పళ్లు కొరికే ప్రతివాడికీ మనసు బాగాలేదని ముద్ర వేస్తే, నేను తిడుతున్న తొందరపాటే నేనూ చేసినదాన్నవుతాను. గురక పెట్టి, పగలంతా కునికిపాట్లు పడే మనిషి ముందు చూపించుకోవలసింది నిద్రకు సంబంధించిన డాక్టరుకు.

అయినా కాలం బిగుసుకున్నప్పుడు దవడలు కూడా బిగుసుకుంటాయనడానికి కరోనా రోజులే సాక్ష్యం. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2021లో దంతవైద్యులను అడిగి చూస్తే, పళ్లు కొరకడం, బిగించడం వంటి బాధలతో వచ్చేవాళ్లు పెరిగారని 70 శాతానికి పైగా చెప్పారు. పళ్లు పెచ్చులూడినవాళ్లు, పగుళ్లిచ్చినవాళ్లు, దవడ కీలు నొప్పితో వచ్చినవాళ్లు పెరిగారన్నవారు 60 శాతం దాటారు. ఆ ఏడాది మనుషులు ఒక్కసారిగా బ్రష్ చేయడం మానేయలేదు కదా.

పళ్ల సంగతి కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా నమ్ముతారు. చిగుళ్ల సంగతి చెబితేనే నవ్వుతారు. అందుకే నాకు బాగా నచ్చిన ఒక ప్రయోగం చెబుతాను. 1998లో ప్రచురించిన ఆ ప్రయోగంలో 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో, గట్టి భాగం మీద, 3.5 మిల్లీమీటర్ల గాయాలు చేశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పరీక్షకు మూడు రోజుల ముందు. మనుషులు వాళ్లే, నోళ్లు అవే, గాయం కొలతా అదే. పరీక్షల ముందు చేసిన గాయం మానడానికి సగటున 40 శాతం ఎక్కువ సమయం, అంటే దాదాపు మూడు రోజులు అదనంగా పట్టింది. ఒక్క విద్యార్థికి కూడా పరీక్షల ముందు గాయం సెలవుల్లో మానినంత వేగంగా మానలేదు. ఇక్కడ శుభ్రత మీద నెపం పెట్టే వీలే లేదు. పైగా వాళ్లు పళ్ల డాక్టర్లు కాబోతున్న పిల్లలు!

ఇలా ఎందుకవుతుందంటే, చిగుళ్ల జబ్బును మొదలుపెట్టేది పాచిలోని సూక్ష్మజీవులే అయినా, పంటిని పట్టుకుని ఉన్న ఎముకను కరిగించడంలో పెద్ద వాటా మన శరీరం చేసే పోరాటానిది. వాపు రావాలి, పని పూర్తయ్యాక తగ్గాలి. ఒత్తిడి కొద్దిసేపటిదైతే ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ ఆ వాపును అదుపు చేస్తుంది. నెలల తరబడి సాగితే ఆ అదుపే గాడి తప్పుతుంది, గాయం మాన్పే పని మందగిస్తుంది, చల్లారవలసిన వాపు రగులుతూనే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నెలల తరబడి నిలిచిన సైనికులకు చిగుళ్లు పుండ్లుపడి, రక్తం కారి, భరించలేని నొప్పితో, దుర్వాసనతో వచ్చిన జబ్బుకు ట్రెంచ్ మౌత్ అన్న పేరు పడింది. దానికి తిండి సరిగా లేకపోవడం, పొగ, నోరు కడుక్కునే వీలు లేకపోవడం కూడా కారణాలే. కానీ ఆ జాబితాలో భయమూ నిద్రలేమీ మొదటి నుంచీ ఉన్నాయి, శాంతి కాలంలోనూ ఆ జబ్బు పరీక్షల రోజుల్లోని విద్యార్థుల్లో కనిపిస్తూ వచ్చింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం 1999లో వచ్చిన మరో అధ్యయనం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 1,426 మందిని పరిశీలిస్తే, డబ్బు ఇబ్బందుల ఒత్తిడి ఉండి, దాన్ని ఎలా ఎదుర్కోవాలో తోచక లోలోపల మథనపడేవారిలో చిగుళ్ల జబ్బు, ఎముక అరుగుదల ఎక్కువగా కనిపించాయి. అవే ఇబ్బందులున్నా, ఒక దారి వెతుక్కుని పని మొదలుపెట్టేవారిలో ఆ ముప్పు పెరగలేదు. దీన్ని చదివి, అయితే ధైర్యంగా ఉంటే చాలని ఉపన్యాసం ఇచ్చేవాళ్లు ఉంటారు. నాకు అలా అర్థం కాలేదు. దారి వెతుక్కోగలగడం అందరికీ సమానంగా అందే వరం కాదు. అప్పిచ్చే స్నేహితుడు, సెలవిచ్చే యజమాని, రాత్రి తోడుండే చెల్లెలు ఉన్నవాళ్లకు అది సులువు.

నోరు ఎండిపోవడం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, భయంతో నోరు పిడచకట్టుకుపోవడం తెలియనివారు ఉండరు. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలమే నోటికి కాపలా. తిన్న తర్వాత నోట్లో ఆమ్లం పెరిగి పీహెచ్ విలువ 5.5 కంటే కిందికి పోతే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, దాన్ని మళ్లీ పైకి తెచ్చి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి అందించేది ఆ లాలాజలమే. ఆందోళనతో అది తగ్గుతుంది, ఆందోళనకు వాడే మందుల్లో చాలావాటితో ఇంకా తగ్గుతుంది, నోరు ఎండుతోందని మనిషి చక్కెర బిళ్లలు చప్పరిస్తాడు. పుచ్చు రావడానికి ఇంతకంటే ఏం కావాలి? నోటి పూత, పెదవి మీద పొక్కులు కూడా ఇలాంటి రోజుల్లోనే తరచుగా తిరగబెడతాయి. పెదవి పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ ముఖానికి సంబంధించిన నరం మొదట్లోనే దాక్కుని, జ్వరం కోసమో ఒత్తిడి కోసమో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది.

ఇన్ని చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఆ నెలల్లో నేను చాలా రాత్రులు బ్రష్ చేయలేదు. ఆసుపత్రి కుర్చీలో కూర్చునే నిద్రపోయాను, బిస్కెట్లతో భోజనం అయిందనిపించాను. కాబట్టి ఎన్నిసార్లు బ్రష్ చేస్తారన్న ఆ మొదటి డాక్టరు ప్రశ్న తప్పు కాదు. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోవడం తప్పు. ఎందుకు చేయలేకపోతున్నారని రెండో ప్రశ్న వేసి ఉంటే నా పంటి నరం నాకు మిగిలేదేమో. బ్రష్ ఎలా పట్టుకోవాలో తెలియక మానేసినవాడికీ, పట్టుకునే ఓపిక లేక మానేసినవాడికీ ఒకే ఉపన్యాసం పనికిరాదు. సిగ్గుపడిన మనిషి అసలు రావడమే మానేస్తాడు.

దీనికి రెండో కొస కూడా ఉంది, అది ఇంకా ప్రమాదం. ఏది వచ్చినా "అంతా స్ట్రెస్సే" అనుకుని ఊరుకోవడం. నోటి పూత మామూలుగా వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో మానుతుంది. మూడో వారంలోకి వచ్చినా మానని పుండును, ఎర్రటి లేదా తెల్లటి మచ్చను, కారణం లేకుండా కదులుతున్న పంటిని ఒత్తిడి ఖాతాలో వేయకూడదు, వెంటనే చూపించుకోవాలి. నోటి క్యాన్సర్ మొదట్లో నొప్పి లేకుండానే ఉండవచ్చు.

నాకు ఆ రెండో డాక్టరు నైట్ గార్డ్, అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్లకు పెట్టుకునే తొడుగు, చేయించి ఇచ్చారు. ఇది మీరు కొరకడాన్ని ఆపదు, కొరికినా పళ్లు అరగకుండా అడ్డం పడుతుంది, అంతే అని ముందే చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. పగటి పూటకు మాత్రం ఒక్కటే చెప్పారు: పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి. ఫోన్ మోగినప్పుడల్లా దవడ ఎలా ఉందో చూసుకోమన్నారు. మొదటి వారంలో ఎన్నిసార్లు చూసుకుంటే అన్నిసార్లూ బిగించే ఉంది.

ఆరు నెలలకోసారి వెళ్లినప్పుడు ఆవిడ నా నోరు తెరవమనే ముందు ఆ గార్డ్ తీసి వెలుతురుకు పెట్టి చూస్తారు. అమ్మకు రెండోసారి ఆపరేషన్ అయిన ఏడాది ఎడమవైపు చిల్లు పడింది. కిందటిసారి చూసి, గీతలు తక్కువున్నాయే, అమ్మగారు ఎలా ఉన్నారని అడిగారు. నడుస్తున్నారని చెప్పాను.