పొగ తగ్గింది, తవ్వకం తగ్గలేదు

వృద్ధి కావాలా, పర్యావరణం కావాలా అంటే ఏ ప్రభుత్వమైనా రెండూ కావాలంటుంది. తప్పేం లేదు. రెండూ దొరుకుతాయా అన్న దగ్గరే లెక్కలు తేడా వస్తున్నాయి.

దొరుకుతాయనేవాళ్లు చూపే ఉదాహరణ బ్రిటన్. 1882లోనే లండన్‌లో బొగ్గుతో కరెంటు తీసిన ఆ దేశం, 2024 సెప్టెంబరు 30న తన ఆఖరి బొగ్గు విద్యుత్కేంద్రాన్ని మూసేసింది. 1990తో పోలిస్తే అక్కడ గ్రీన్‌హౌస్ వాయువులు దాదాపు సగానికి తగ్గాయి, ఆర్థిక వ్యవస్థ మాత్రం బాగా పెరిగింది. చిన్న విషయమేమీ కాదిది. అయితే ఆ లెక్క సరిహద్దు లోపలి పొగకే. దిగుమతి చేసుకున్న ఉక్కు, బట్టలు, ఫోన్ల తాలూకు పొగ వాటిని తయారుచేసిన దేశం ఖాతాలో పడుతుంది. అదీ కలిపితే తగ్గుదల ఉంది గానీ, చెప్పుకున్నంత లేదు.

పొగ సంగతి సరే, తవ్వకం మాటేమిటి? ఇసుక, రాయి, ఖనిజాలు, బొగ్గు, చమురు, పంటలు, కలప అన్నీ కలిపి 1970లో ప్రపంచం భూమి నుంచి తీసుకున్నది సుమారు 3 వేల కోట్ల టన్నులు. ఇప్పుడది 10 వేల కోట్ల టన్నులు దాటింది. ఈలోగా జనాభా రెట్టింపుకు కాస్త పైన మాత్రమే పెరిగింది. పొదుపైన యంత్రాలొస్తే వాడకం తగ్గుతుందన్న ఆశ కూడా పాతదే. ఆవిరి యంత్రాలు మెరుగైన కొద్దీ బొగ్గు వాడకం పెరుగుతోందని బ్రిటన్ ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే ఎత్తిచూపారు. ఇప్పుడూ అంతే. ఇంజన్లు మైలేజీ పెంచాయి, కొనేవాళ్లు కారు సైజు పెంచారు.

చేతిలోని ఫోన్‌నే చూడండి. చాలా మోడళ్లలో బ్యాటరీని లోపల జిగురుతో అతికించేస్తారు. అది నీరసిస్తే ఫోన్‌ను వేడిచేసి, అద్దం పగలకుండా విప్పాలి. ఆ ఖర్చు, ఆ టెన్షన్ ఎందుకని కొత్తది కొనేస్తారు. కొత్త ఫోన్ అమ్మకం జీడీపీలో చేరుతుంది, పాతది చెత్తలో పడ్డ నష్టం ఎక్కడా చేరదు. 2022లో ప్రపంచంలో పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డుల్లో ఉన్నది అందులో నాలుగో వంతు కూడా లేదు.

దీన్ని మార్కెట్ తనంతట తానే సరిదిద్దుతుందని మేం నమ్మడం లేదు. ఫ్రిజ్‌ల వంటి వాటిలో వాడుతూ వచ్చిన, ఓజోన్ పొరను దెబ్బతీసే రసాయనాలపై 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. అవి దాదాపు 99 శాతం పోయాయి, ఫ్రిజ్‌లు మాత్రం పోలేదు. నిబంధన వచ్చింది కాబట్టే కంపెనీలు వేరే దారి వెతుక్కున్నాయి. (ఆ దారిలో వచ్చిన కొన్ని వాయువులు భూమిని వేడెక్కించేవి కావడంతో 2016లో కిగాలిలో ఒప్పందాన్ని మళ్లీ సవరించాల్సి వచ్చింది.) బొగ్గు, చమురు, గ్యాస్ దగ్గర మాత్రం కథ తిరగబడింది. 2022లో వాటికి ప్రభుత్వాలు నేరుగా ఇచ్చిన సబ్సిడీలే 1.3 లక్షల కోట్ల డాలర్లని అంతర్జాతీయ ద్రవ్యనిధి అంచనా.

ఇళ్లు, ఆసుపత్రులు ఇంకా కట్టుకోవాల్సిన దేశాలను వృద్ధి ఆపుకోమనడం అన్యాయం. వాటికి ఉక్కు, సిమెంటు కావాల్సిందే. తగ్గించుకోవాల్సింది ఎప్పుడో కట్టేసుకున్న సంపన్న దేశాలు. జీడీపీ అంకెలు ప్రకటించే రోజే, దిగుమతులతో సహా ఎన్ని టన్నులు వాడారో, ఎంత పొగకు కారణమయ్యారో కూడా అవి ప్రకటించాలి. లెక్కగట్టే పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి.