మునగచెట్టూ మూడు ఫేజులూ

(తుపాను వెళ్ళిన మర్నాడు పొద్దున్నే. వాకిట్లో మునగచెట్టు సగానికి విరిగి వీధి తీగల మీద వాలింది. సుబ్బారావు లుంగీ ఎగ్గట్టి, దోటీ పుచ్చుకుని బయల్దేరాడు.)

పార్వతి: ఏమండోయ్! ఆగండక్కడ!

సుబ్బారావు: కాయలు కోసుకుంటానే. ఆలస్యమైతే ఎదురింటావిడ బుట్టతో తయారవుతుంది.

పార్వతి: చెట్టు కరెంటు తీగ మీద పడుకుంది, కనబడ్డంలేదూ?

సుబ్బారావు: కరెంటు రాత్రే పోయిందిగా. తెల్లార్లూ విసనకర్ర విసురుతూ కూచున్నాం.

పార్వతి: విసిరింది నేను. మీరు గురక పెట్టారు. వీధికి కరెంటు తెచ్చే మూడు తీగల్లో పోయింది మన ఫేజొక్కటే అయ్యుండచ్చు. మిగతా రెండూ బతికే ఉంటే? అదిగో, మూలింట్లో మిక్సీ.

సుబ్బారావు: వాళ్ళకి జనరేటరుందిలే.

పార్వతి: అయితే మరీ మంచిది! వీధి లైన్నీ జనరేటర్నీ విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా మెయిన్‌కి కలిపారంటే ఆ కరెంటు వెనక్కి తీగలెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాటితే 11 వేల వోల్టులవుతుంది. దానికి ముందూ వెనకా తేడా తెలీదు, మీలాగే.

సుబ్బారావు: నేను పట్టుకునేది చెట్టునే బాబూ! కర్రలో కరెంటు పారుతుందా?

పార్వతి: రాత్రంతా తడిసిన పచ్చి మునగ. పిండితే నీళ్ళు కారతాయి.

సుబ్బారావు: పారితే ఫ్యూజు కొట్టేయదూ?

పార్వతి: అక్కడే పప్పులో కాలేశారు. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు కాలాలంటే పదుల ఆంపియర్లు కావాలి. మన 60 వాట్ల బల్బు తాగేదే పావు ఆంపియరు. అందులో సగం మీ ఒంట్లోంచి పోతే చాలు, గుండె ఆగిపోడానికి. మీరు పోయిన సంగతి ఆ ఫ్యూజుకి తెలియను కూడా తెలీదు.

సుబ్బారావు: రబ్బరు చెప్పులున్నాయే!

పార్వతి: ఉన్నాయి. మడమ దగ్గర చిల్లూ ఉంది. చేతిలో తడి వెదురు, దాని కొసన ఇనప కొక్కెం. ఇంకేం కావాలి?

సుబ్బారావు: సరే, వచ్చేస్తున్నా పో.

పార్వతి: అంగలెయ్యకండి! కొమ్మ కొస నేలకి ఆనింది. కరెంటు నేలలోకి దిగేచోట వోల్టేజీ ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ఎడంగా అడుగేస్తే ఒక కాల్లోంచి ఎక్కి రెండో కాల్లోంచి దిగుతుంది. పాదాలు చేర్చి, నేల మీంచి ఎత్తకుండా జరుపుకుంటూ రండి. ఈ కాలి మడమ ఆ కాలి బొటనవేలు దాటకూడదు.

సుబ్బారావు: (జరుగుతూ) వీధంతా చూస్తోందే!

పార్వతి: చూడనివ్వండి. పీటల మీదికి కూడా ఇంత బుద్ధిగా రాలేదు మీరు. పది మీటర్లు దాటేదాకా అంతే. ఇనప గేటు ముట్టుకోకండి, దానిమీదా కొమ్మ పడింది.

(సుబ్బారావు వసారా ఎక్కి ఫోను తీశాడు.)

పార్వతి: 1912కి చేసి "చెట్టు పడింది" అని పెట్టేయకండి. స్తంభం మీది నంబరు చెప్పండి. తీగ తెగిందా, స్తంభం ఒరిగిందా, అదీ చెప్పండి. నంబరు చదవడానికి దాని దగ్గరికెళ్ళకండి మళ్ళీ!

(మధ్యాహ్నానికి లైన్‌మన్, ఇద్దరు మనుషులూ వచ్చారు.)

సుబ్బారావు: స్విచ్ దించేశాడుగా, మళ్ళీ తీగలకి ఆ నగలేమిటే?

పార్వతి: ఎర్తింగ్ అది. టెస్టర్ పెట్టి చూసుకుని, తీగలన్నీ కలిపి భూమికి కడతారు, చెట్టుకి అటొకటీ ఇటొకటీ. మూలింటివాళ్ళు జనరేటరు వేసినా కరెంటు నేలలోకి పోతుంది.

సుబ్బారావు: మొదలు నరికితే ఒక్క దెబ్బలో తేలేది. చిల్లర కొమ్మలు గీకుతున్నాడు.

పార్వతి: తీగ విల్లులా వంగుంది. బరువు ఒక్కసారి పోయిందంటే పైకెగిరి కొమ్మని మొహాన విసిరికొడుతుంది. అందుకే చిన్నవి ముందు, పెద్దదానికి తాడు. వంగిన కొమ్మకి లోపలివైపు చిన్న గాటు పెట్టి, అప్పుడు బయటివైపు కోస్తారు. బయటే మొదలెడితే నిలువునా చీలి కోసేవాడి మీదికొస్తుంది.

సుబ్బారావు: లైన్‌మన్ కూతురివి, నీతో వాదించగలనా!

పార్వతి: తీగ కింద మునగ పెట్టకండి, పెళుసు చెట్టని మా నాన్న ఎన్నిసార్లు చెప్పారు?

సుబ్బారావు: సంచీ నిండా కాయలు పట్టుకెళ్తూ చెప్పేవారు.

(ఎర్తింగ్ విప్పారు. వీధిలో ఫ్యాన్లు తిరిగాయి.)

పార్వతి: బాబూ, ఆ కాయలు మీ ముగ్గురూ పంచుకోండి.

సుబ్బారావు: అన్నీనా?

పార్వతి: మీకు రెండుంచాలెండి.

సుబ్బారావు: (నీరసంగా) సాంబారుకి ఆరన్నా పడాలే...