నిమ్మకాయ బతికిపోయింది

గుడి ముందు వాహన పూజ రేట్ల బోర్డు మీద సైకిలు లేదు. టూ వీలరు, ఆటో, కారు, లారీ అన్నీ ఉన్నాయి. పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని నా బండి చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఇది సైకిలా, మోటారు బండా నాయనా?"

"సైకిలే స్వామీ."

"మరి ఈ వైర్లూ, ఈ పెట్టే?"

"మోటారు బిగించాను స్వామీ."

"అయితే టూ వీలరే" అన్నారాయన, రసీదు పుస్తకం తీస్తూ.

నేను ఒప్పుకోలేదు. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం అయితే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదనీ, లైసెన్సు అక్కర్లేదనీ, ప్రభుత్వమే సైకిలు కింద వదిలేసిందనీ వివరించాను. ఆయన ఓపికగా విని, "ఆంజనేయస్వామికి ఆర్టీవో రూల్స్ వర్తించవు బాబూ" అన్నారు. వెనక నుంచి మా ఆవిడ, "ఏమండీ, గుళ్ళో కూడా బేరమేనా?" అంది. టూ వీలరు రేటే కట్టి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాను.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మా పై ఫ్లాటాయన లక్షకు పైగా పోసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్న రోజున, మల్కాజిగిరిలో మా బాల్కనీలో తుప్పు పడుతున్న మా నాన్నగారి పాత సైకిలు నా కంట్లో పడింది. మోటారు పెడితే సరి, 9,000లో అయిపోతుంది అనుకున్నాను. మొదటి పేజీలో 'సైకిలు: ఉచితం' అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ పుస్తకంలో నాకు నచ్చిన పద్దు ఇప్పటికీ అదొక్కటే.

మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలరు పెట్టె, తిప్పితే బండి కదిలే థ్రాటిల్ పిడి కలిపి సెకండ్ హ్యాండ్‌లో 6,800కి దొరికాయి. అమ్మినాయన ఎందుకు అమ్ముతున్నాడో అడగలేదు. డబ్బులు తీసుకునేటప్పుడు ఆయన మొహంలో కనిపించిన ప్రశాంతత చూసైనా అనుమానించాల్సింది. ముందు చక్రం నడిమధ్యలో ఇమిడే మోటారు అది. సైకిల్ షాపాయన దగ్గరికి పట్టుకెళ్తే ఒకసారి దాన్నీ, ఒకసారి నన్నూ చూశాడు.

"సార్, మీ రిమ్ముకు 32 తూట్లున్నయ్. దీనికి 36 ఉన్నయ్. మిగిలిన 4 స్పోకులు ఏడ పెట్టాలె?"

పాత సైకిళ్ళ ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40 ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. అన్నేళ్ళు తొక్కి కూడా ఎన్నడూ లెక్కపెట్టలేదు. దాంతో 36 తూట్ల కొత్త రిమ్ము, దానికి తగ్గ టైరు, ట్యూబు కొన్నాను. కొత్త రిమ్ము సైజు చిన్నది కాబట్టి పాత రాడ్ బ్రేకు దానికి అందలేదు. "వెనక బ్రేకుందిగా, చాల్లే" అన్నాను. మోటారు ఇరుసు లావు, ఫోర్కు గాడి సన్నం. దాన్ని నేనే ఆకురాయితో ఒక ఆదివారమంతా అరగదీశాను. బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయే కటాఫ్ లివర్లు ఇంకో 400 అంటే, ఆ మాత్రం దానికి 400 ఎందుకని వదిలేశాను. ఈ రెండు పొదుపులూ గుర్తుపెట్టుకోండి.

వైర్లు కలపడం ఒక పక్షం రోజుల కథ. పసుపు, పచ్చ, నీలం అని మూడు లావు వైర్లు, వాటికి తోడు ఐదు సన్నవి. తేడాగా కలిపితే చక్రం తిరగదు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. అదృష్టం బాగుండి కంట్రోలరుకి రెండు తెల్ల వైర్లు వేలాడుతున్నాయి. ఆ రెంటినీ కలిపితే చక్రం దానంతటదే తిరుగుతుంది. ఉల్టా తిరిగితే విడదీసి మళ్ళీ కలపాలి, సీదా అవుతుంది. ఇంత సులువైన పని నా సర్వీసులో ఏ ఆఫీసులోనూ చూడలేదు.

బ్యాటరీకి లిథియం నా పుస్తకంలో పట్టదు. కోఠీ గుజరాతీ గల్లీలో యూపీఎస్ బ్యాటరీలు మూడు తెచ్చాను. ఒక్కోటి 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్. వరసగా కలిపితే 36 వోల్టులు. 36ని 7తో గుణిస్తే 252 వాట్ అవర్ల కరెంటు, కిలోమీటరుకు అందులో 10 చొప్పున ఖర్చు, అంటే పాతిక కిలోమీటర్లు ఖాయమని మా ఆవిడకి కాగితం మీద చూపించాను. మొదటి ప్రయాణంలో 9 కిలోమీటర్లకే మెట్టుగూడ దగ్గర బండి నీరసించింది. ఆ 7 అన్నది 20 గంటల పాటు కొంచెం కొంచెంగా వాడుకుంటేనే వస్తుందనీ, నాలాగా ఒక్కసారిగా లాగేస్తే బ్యాటరీ సగంలోనే చేతులెత్తేస్తుందనీ, మోటారుతో సహా తడిసి మోపెడైన ఆ బరువుని తోసుకుంటూ వచ్చాక చదివాను. మా ఆవిడ మాత్రం వేరే కారణం కనిపెట్టింది.

"పూజ చేయించకుండా ఎక్కితే ఇంతే మరి."

అలా మంగళవారం పూజ ఖాయమైంది. సోమవారం సాయంత్రం ముందు చక్రం పంక్చరైంది. షాపాయన లేడు, పనిచేసే పిల్లాడు ఉన్నాడు. వాడే చక్రం విప్పి, ప్యాచ్ వేసి, మళ్ళీ బిగించాడు. ఎప్పుడూ ఎడమ పక్కనుంచి వచ్చే మోటారు వైరు ఈసారి కుడి పక్కనుంచి వచ్చింది. నేను గమనించాను. గమనించి, ఇదే నీట్‌గా ఉందని వాడికి పది రూపాయలు ఎక్కువిచ్చాను. పూజ అయ్యేదాకా ఎక్కడానికి వీల్లేదని ఆవిడ ఆర్డరు కాబట్టి గుడికి తోసుకునే వెళ్ళాను.

పంతులుగారు హ్యాండిలుకి పసుపు కుంకుమ పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. ముందు చక్రం ముందర నిమ్మకాయ పెట్టి, "ఊఁ, కానివ్వండి" అన్నారు. చుట్టూ పదిమంది చేరారు. నేను స్వామిని తలచుకుని థ్రాటిల్ తిప్పాను. భక్తి కొంచెం ఎక్కువైంది.

బండి వెనక్కి బయల్దేరింది.

మనిషి భయపడితే చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. నా చేతిలో థ్రాటిల్ ఉంది. ముందు బ్రేకు లేదు. వెనక బ్రేకు పట్టాను కానీ కటాఫ్ లేదు కాబట్టి మోటారు దాని పని అది చేసుకుపోతోంది. పైగా చక్రం వెనక్కి తిరిగితే పెడళ్ళు కూడా వెనక్కి తిరుగుతాయని మోకాలి కింది ఎముకల మీద దెబ్బ పడ్డాక అర్థమైంది. పదిమందీ చక్కగా దారిచ్చారు. నేను వెళ్ళి చెప్పుల స్టాండు మధ్యలో ఆగాను.

"ఏమయ్యా, కండ్లు నెత్తికెక్కినయా?" అంది స్టాండులో ఉన్నామె.

"అంకుల్, రివర్స్ గేర్ కూడా పెట్టించారా?" అన్నాడో కుర్రాడు, ఫోన్లో వీడియో తీస్తూ. పంతులుగారు వంగి నిమ్మకాయని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. దానికి గీత కూడా పడలేదు.

పదిమందిలో పరువు నిలుపుకోవాలి. తెల్ల వైర్లు గుర్తొచ్చాయి. ముందు చక్రం పైకెత్తి పట్టుకుని వైర్లు కలిపాను, విడదీశాను, మళ్ళీ కలిపాను. చక్రం సీదాగా తిరిగింది. "చిన్న ప్రాబ్లమే, సెట్ చేసేశాను" అని అందరికీ వినపడేలా చెప్పాను. ఈలోగా స్టాండామె నన్ను వదల్లేదు. మంగళవారం రద్దీ, కలిసిపోయిన చెప్పులు వందకి తక్కువుండవు. అరగంట సేపు కూర్చుని జతలు కలిపాను. మగవాళ్ళ నల్ల చెప్పులన్నీ ఒకేలా ఎందుకుంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిరిగొచ్చేసరికి పంతులుగారు సిద్ధంగా ఉన్నారు. ఈసారి ముందు చక్రం ముందర ఒక నిమ్మకాయ, వెనక చక్రం వెనకాల ఒక నిమ్మకాయ పెట్టారు. "ఎందుకైనా మంచిది నాయనా" అన్నారు. అనుమానపు మనిషి అనుకుని నవ్వుకుంటూ సీటెక్కి థ్రాటిల్ మీద చెయ్యి వేశాను.

"అన్నట్టు ఏమండీ" అంది మా ఆవిడ, "మీరు అటు వెళ్ళినప్పుడు నేను సైకిల్ షాపాయనకి ఫోన్ చేశాను. పాపం పరుగున వచ్చాడు. పిల్లాడు చక్రం ఉల్టా బిగించాడట. తిప్పి సరిగ్గా పెట్టి..."

అప్పటికే తిప్పేశాను.

పటుక్కుమని నిమ్మకాయ చితికింది. వెనకది.

చెప్పుల స్టాండామె ఈసారి అరవలేదు. టోకెన్ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.