అసలు పార్టీ మాదే

చిన్న పార్టీలో చీలిక అనగానే నవ్వడం మనకు అలవాటైపోయింది. ఉన్నదే పిడికెడు మంది, అందులో మళ్లీ రెండు వర్గాలా అంటాం. పోయిన ఎన్నికల్లో పడ్డ ఓట్లకంటే పార్టీలో పదవులే ఎక్కువ, వాటికి కొట్లాటా అంటాం. ఈ వెటకారం నాకు నచ్చదు. పెద్ద పార్టీలో జుట్టూ జుట్టూ పట్టుకుంటే 'అంతర్గత ప్రజాస్వామ్యం' అని గౌరవించే మనం, అదే పని చిన్నవాళ్లు చేస్తే ఆలు లేదు, చూలు లేదు అని సామెత అందుకుంటాం. ఇది వివక్ష కాదా? పెద్ద పార్టీ అసమ్మతివాది అలక వెనక ఒక మంత్రి పదవో, కనీసం ఒక కార్పొరేషన్ కుర్చీయో ఉంటుంది. చిన్న పార్టీలో గెలిచినవాడికీ దక్కేదేమీ లేదు, ఓడినవాడికి పోయేదీ లేదు. అయినా ప్రాణం పెట్టి పోరాడతారు. ఇంతటి నిష్కామకర్మ సన్యాసుల్లో కూడా అరుదు.

ఏమీ దక్కదన్నానా? తొందరపడ్డాను. లెటర్‌హెడ్ ఉంది. రబ్బరు స్టాంపు ఉంది. కష్టకాలంలో స్టాంపు ఎవరి సంచిలో ఉంటే పార్టీ వాళ్లదే. బ్యాంకు ఖాతా కూడా ఉంది. అందులో ఎంతుందన్నది అప్రస్తుతం. చెక్కు మీద రెండు సంతకాలు పడాలి, ఆ సంతకాలు పెట్టాల్సిన ఇద్దరికీ మాటల్లేవు. వీటన్నిటినీ మించింది వాట్సాప్ గ్రూపు. అధ్యక్షుడి అధికారాల గురించి నియమావళిలో నాలుగు పేజీలు రాసుకుని ఏం లాభం, ఆయన గ్రూపుకి అడ్మిన్ కానప్పుడు? సరదాకి గ్రూపు పెట్టిన కుర్రాడు అర్ధరాత్రి బొటనవేలితో జాతీయ కార్యవర్గాన్ని రద్దు చేయగలడు. శుభోదయం బొమ్మ పెడదామని పొద్దున్నే ఫోన్ తీసిన అధ్యక్షులవారికి, తాను గ్రూపులో లేనన్న సంగతి అప్పుడు తెలుస్తుంది.

ఇక యుద్ధం. పదిన్నరకు అధ్యక్షుడు ప్రధాన కార్యదర్శిని పార్టీ నుంచి బహిష్కరిస్తాడు. పదకొండుకు ప్రధాన కార్యదర్శి అధ్యక్షుణ్ణి బహిష్కరిస్తాడు. పదిన్నరకే బయటికి పోయినవాడికి పదకొండుకు ఇంకొకరిని పంపే అధికారం ఎక్కడిదని మీరు అడుగుతారని ఆయనకు తెలుసు. "అధ్యక్షుణ్ణి నిన్న రాత్రే తీసేశాం. మీకు చెప్పడమే ఆలస్యమైంది. కావాలంటే తీర్మానం మీద తేదీ చూడండి" అంటాడు. చూస్తాం. తేదీ నిన్నటిదే. పక్కనే స్టాంపు కూడా ఉంది. అయితే అధ్యక్షుడు చూపించే తీర్మానం మీద మొన్నటి తేదీ ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి ఇరువర్గాలూ వెనక్కి వెనక్కి జరుగుతూ పార్టీ పుట్టకముందు తేదీలకు చేరుకుంటాయి. మధ్యలో క్రమశిక్షణ సంఘం ఒకటుంటుంది. దాని చైర్మన్‌ని ఇద్దరూ బహిష్కరించారు కాబట్టి ఆయనొక్కడే నిష్పక్షపాతి.

ఇదంతా బలహీనత అనుకునేవాళ్లు కేరళ కాంగ్రెస్‌ని చూసి నేర్చుకోవాలి. 1964లో పుట్టిన పార్టీ అది. ఎన్నిసార్లు చీలిందో వేళ్ల మీద లెక్కపెట్టాలంటే పక్కవాడి చెయ్యి కూడా అరువు తెచ్చుకోవాలి. వేరుపడ్డ అన్నదమ్ములు ఇంటిపేరు వదులుకోనట్టు, బయటికి వెళ్లినవాళ్లెవరూ ఆ పేరు వదల్లేదు. పక్కన బ్రాకెట్ పెట్టి ఒకరు ఎం అన్నారు, ఒకరు బి అన్నారు, ఒకరు జాకబ్ అని తన పేరే పెట్టుకున్నారు. ఇది పెరిగేకొద్దీ చీలే పార్టీ, చీలేకొద్దీ పెరిగే పార్టీ అన్నది ఆ పార్టీ నాయకుడు కె.ఎం. మాణి మాటగా ప్రసిద్ధం. ఎదగని పార్టీలన్నీ ఎందుకు ఎదగలేదో ఇప్పుడైనా అర్థమైందా? సరిపడా చీలలేదు.

బీహార్‌లో లోక్ జనశక్తి పార్టీది ఇంకో దారి. 2021 జూన్‌లో ఆ పార్టీకి ఆరుగురు ఎంపీలు. ఐదుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు. ఆ ఒక్కరే పార్టీ అధ్యక్షుడు చిరాగ్ పాస్వాన్. ఐదుగురి నాయకుడు పశుపతి కుమార్ పారస్, వరసకు సొంత బాబాయి. పార్టీ గుర్తు బంగళా. అక్టోబరులో ఎన్నికల సంఘం ఆ బంగళాకు తాళం వేసి, అబ్బాయికి హెలికాప్టర్, బాబాయికి కుట్టుమిషన్ ఇచ్చి పంపింది. ఇంత సమన్యాయంగా జరిగిన ఆస్తి పంపకం నేను ఏ ఉమ్మడి కుటుంబంలోనూ వినలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో అబ్బాయి పార్టీ ఐదు చోట్ల నిలబడి ఐదూ గెలిచింది. బాబాయికి కూటమి పొత్తులో ఒక్క సీటూ దక్కలేదు. కుట్టుమిషన్‌తో కుట్టడానికి గుడ్డ కూడా ఉండాలి మరి.

కానీ ఈ గుర్తుల సంగతిలో చిన్నపార్టీలకు జరుగుతున్న అన్యాయం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పార్టీ చీలితే అసలుది ఎవరిదో తేల్చే అధికారం 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు, 15వ పేరా, ఎన్నికల సంఘానికి ఇచ్చింది. 1971లో సాదిక్ అలీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పటినుంచి సాధారణంగా చూసేవి మూడు: పార్టీ ఆశయాలకు ఎవరు కట్టుబడ్డారు, నియమావళి ప్రకారం ఎవరు నడిచారు, ఎవరివైపు ఎక్కువమంది ఉన్నారు. చెప్పుకోవడానికి బాగానే ఉంది. అయితే ఆశయాలు రాసింది ఎవరో ఇరువర్గాలకూ గుర్తులేదు. నియమావళి పార్టీ పెట్టినప్పుడు ఇంకో పార్టీది చూసి రాసుకున్నది, ఒక పేజీలో ఆ పార్టీ పేరు ఇంకా అలాగే ఉంది. ఇక మెజారిటీ అంటారా, ఎమ్మెల్యే ఉంటే కదా లెక్కపెట్టడానికి!

అసలు అన్యాయం అది కూడా కాదు. ఆ 15వ పేరా గుర్తింపు పొందిన పార్టీలకే, అంటే తగినన్ని ఓట్లో సీట్లో తెచ్చుకున్నవాటికే వర్తిస్తుంది. నమోదై గుర్తింపు లేని పార్టీలు కొట్టుకుంటే సంఘం తీర్పు చెప్పదు, సివిల్ కోర్టుకు వెళ్లమంటుంది. అంటే దేశంలో నమోదైన పార్టీల్లో అత్యధిక శాతానికి, తమ గొడవ ఎన్నికల సంఘం విచారించిందని చెప్పుకునే భాగ్యం కూడా లేదన్నమాట. ఓట్లు రాకపోతే పోయె, గొడవకైనా గుర్తింపు ఇవ్వొద్దూ?

విదేశాల్లో ఈ విషయంలో కొంత నయం. పోలండ్‌లో 1991 ఎన్నికల్లో బీరు ప్రియుల పార్టీ ఒకటి 16 సీట్లు గెలిచి పార్లమెంటుకు వెళ్లింది. వెళ్లాక చీలింది. ఒక వర్గం పెద్ద బీరు, ఇంకో వర్గం చిన్న బీరు. సిద్ధాంత విభేదాన్ని జనానికి ఇంత తేటగా చెప్పిన చీలిక రాజకీయ చరిత్రలో ఇంకొకటి ఉండదు. బ్రిటన్ సంగతే కాస్త బాధాకరం. 1981లో పెట్టిన సోషల్ డెమోక్రటిక్ పార్టీలో ఎక్కువమంది 1988లో లిబరల్ పార్టీతో కలిసిపోతే, దాన్ని పెట్టినవాళ్లలో ఒకరైన డేవిడ్ ఓవెన్ మాత్రం అదే పేరుతో పార్టీని నిలబెట్టారు. 1990 మేలో బూటిల్ ఉప ఎన్నిక వచ్చింది. ఆ పార్టీకి 155 ఓట్లు. వేళాకోళానికి పెట్టుకున్న మాన్‌స్టర్ రేవింగ్ లూనీ పార్టీకి 418. కొద్దివారాల్లోనే ఓవెన్ పార్టీ మూసేశారు. నాకు అర్థం కాదు, 155 ఓట్లు పెట్టుకుని ఎవరైనా దుకాణం మూస్తారా? మనవాళ్లయితే 80, 75గా చీలి, 80 వచ్చినవాడు తనదే మెజారిటీ అని ఊరేగింపు తీసేవాడు.

ఓపిక మన పార్టీలకు పుట్టుకతో వచ్చిన గుణం. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను జాబితాలోంచి కొట్టేసింది. 2019 నుంచి ఆరేళ్లలో ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయలేదట, కార్యాలయాలు వెతికినా దొరకలేదట. కార్యాలయం దొరకనంత మాత్రాన అధ్యక్ష పదవి ఖాళీగా ఉందని అనుకోవద్దు. అలాంటి పార్టీ ఒకదానికి సంజాయిషీ నోటీసు వచ్చిందనుకుందాం. మామూలు మనుషులు కంగారుపడతారు. ఇక్కడ ఇరువర్గాల్లోనూ పండగే. రద్దు నోటీసైతేనేం, సంఘం ఎవరి చేతికిస్తే వాళ్లే అసలు పార్టీ! "అది మాకు రావాల్సిన నోటీసు" అని ఒక వర్గం పత్రికా ప్రకటన ఇస్తుంది. "మమ్మల్ని రద్దు చేయకుండా వాళ్లనెలా రద్దు చేస్తారు?" అని రెండో వర్గం ధర్నాకు దిగుతుంది. మధ్యలో పోస్ట్‌మాన్ కవరు పట్టుకుని, అధ్యక్షులెవరండీ, సంతకం పెట్టి ముద్ర వేయాలి అంటాడు. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాస్తారు. ఇద్దరి జేబుల్లోనూ పెన్నుంది. స్టాంపు మాత్రం, నిన్న రాత్రి మూడో వర్గం పెట్టిన కోశాధికారి దగ్గరుంది.